ఇరవై ఒకటిలో పద్దెనిమిది

జనవరి 9

చెల్లీ,

నువ్వు రాయవని తెలిసి నేనే రాస్తున్నాను. ఫోన్ చేస్తే లాండ్రీలో మిషన్ల చప్పుడు, వినపడట్లేదని పెట్టేస్తావు. కాగితానికి ఆ చప్పుడు అడ్డం రాదు కదా, చదువు.

ఇక్కడ అందరం బాగానే ఉన్నాం. మీ బావకి కంట్లో శుక్లం ముదిరింది. అయినా ప్రతి మ్యాచ్‌కీ వచ్చి మైదానం గీత పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. బంతి కనపడదు, అరుపులు వినపడగానే చప్పట్లు కొడతాడు. ఎదుటి జట్టు గోల్ కొట్టినా కొడతాడు. ఈ ఏడు ఆయన చేతులకి ఎదుటివాళ్ళ పుణ్యమా అని తీరిక లేదు.

అసలు సంగతికొస్తాను. పన్నెండు మ్యాచ్‌లయ్యాయి. మన బిస్కెట్ ఫ్యాక్టరీ హాకీ జట్టు మొత్తం ఇరవై ఒక్క గోల్స్ కొట్టింది. అందులో పద్దెనిమిది పిడుగువే. నా కూతురని చెప్పుకోవడం కాదు, లెక్క అలా ఉంది. ఇప్పుడు ఆ లెక్క అన్ని జట్లకీ తెలిసిపోయింది. పిడుగుకి ఇటొకరిని అటొకరిని కాపలా పెడితే చాలు, మిగతావాళ్ళ చేతుల్లో కర్రలున్నా లేనట్టే. గోల్ బార్లా తెరిచిన తలుపులా ఎదురుగా ఉన్నా ఒక్కరూ కొట్టరు. గుండె లేదు వీళ్ళకి. కిందటి నాలుగు మ్యాచ్‌ల్లో గోలన్నదే లేదు.

ఎనిమిది జట్లలో ఏడో చోట ఉన్నాం. అట్టడుగున మిగిలిన జట్టు మొదటి శ్రేణి నుంచి దిగిపోవాలి. దిగితే జట్టునే ఎత్తేస్తానని మేనేజరు మొహం మీదే చెప్పాడు. ప్యాకింగ్‌లో తొమ్మిదిమంది పిల్లలు ఆట కోటాలో తాత్కాలికంగా చేరినవాళ్ళు. జట్టు లేకపోతే వాళ్ళకి ఆ బల్ల దగ్గర చోటు లేదు. కుడివైపు ఆడే పొడుగమ్మాయి ఇంట్లో పనికి వెళ్ళేది ఆ పిల్ల ఒక్కతే.

కోచ్‌ని నేనే అయినా నాకేం తోచడం లేదు. నీకు ఆట తెలుసు. ఏం చెయ్యాలో రాయి. బెట్టు చెయ్యకు.

మీ అక్క

జనవరి 16

అక్కా,

ఉత్తరం మూడుసార్లు చదివాను. ఇక్కడ ఆసుపత్రిలో రోజుకి ఆరువందల దుప్పట్లు ఉతుకుతాం. ఇద్దరిద్దరం ఎదురెదురుగా నిలబడి మడతపెట్టాలి. నా జతగత్తె ముక్కు చీదినప్పుడల్లా ఒక పేరా చదివాను. ఆవిడకి జలుబు చేయబట్టి నీ ఉత్తరం పూర్తయింది.

పిల్లలకి గుండె లేదన్నావు చూడు, అక్కడ నవ్వొచ్చింది. తర్వాత కోపమొచ్చింది. ప్రాక్టీసులో పదిమందికి పచ్చ బనీన్లు, పిడుగుకి మాత్రం ఎర్ర బనీను ఇచ్చేది ఎవరు? పచ్చవాళ్ళు ఇచ్చేవాళ్ళు, ఎర్ర బనీను కొట్టేది. డీలోకి, అదే ఆ గోల్ ముందరి అర్ధచంద్రం గీత లోపలికి వెళ్ళాక, పిడుగుకి ఇవ్వకుండా తనే కొట్టిన పిల్ల మైదానం చుట్టూ ఐదుసార్లు పరుగెత్తాలి. ఆ శిక్ష ఎవరు పెట్టారు? ఆరేళ్ళు చెయ్యి కట్టేసి ఇప్పుడు కొట్టలేదంటే ఎట్లా?

నేనూ ఆ పచ్చ బనీను రెండేళ్ళు వేసుకున్నాను. అంతకుముందు ఏడు నావి పదకొండు గోల్స్, మర్చిపోయావేమో. ఆ ఏడు రాష్ట్ర జట్టు ఎంపిక శిబిరానికి నాకు పిలుపు ఖాయమని ఊరంతా అన్నారు. నాకు రాలేదు, పదిహేడేళ్ళ పిడుగుకి వచ్చింది. ఆ రోజు నువ్వు నా తల నిమిరి, వాళ్ళు కొట్టేవాళ్ళనే చూస్తారే, నువ్వు ఇచ్చేదానివి అన్నావు. అమ్మ పోయాక నన్ను పెంచినదానివి, నీ మాట నమ్మకపోతే ఎవరి మాట నమ్ముతాను?

సరే, పాత గొడవ వదిలెయ్. నా మాట విని ఆ ఎర్ర బనీను బీరువాలో పెట్టు. రెండు వారాలు అందరిచేతా కొట్టించు. మ్యాచ్‌లో పిడుగుని ఎడమ అంచుకి పొమ్మను, ఇద్దరు కాపలావాళ్ళూ దాని వెంటే పోతారు. కుడివైపు పొడుగమ్మాయికి దారి ఖాళీ అవుతుంది. కొట్టనీ ఆ పిల్లని.

బావకి కన్ను ఆపరేషన్ చేయించు. ఎదుటివాళ్ళ దగ్గర మర్యాద పోతోంది.

చెల్లి

జనవరి 21

చెల్లీ,

దుప్పట్లు మడతపెడుతూ కోచింగ్ చెప్పడం తేలికే. ఇక్కడికొచ్చి గీత పక్కన నిలబడి చూడు తెలుస్తుంది. నువ్వు చెప్పావు కదా అని ఆదివారం మ్యాచ్‌లో పొడుగమ్మాయిని కొట్టమన్నాను. బంతి గోల్ దాటి, కంచె దాటి, క్యాంటీన్ వెనక గిన్నెలు తోమేవాళ్ళ దగ్గర పడింది. రెండు గోల్స్ తేడాతో ఓడాం. ఇప్పుడు మనమూ సబ్బుల ఫ్యాక్టరీ వాళ్ళూ అట్టడుగున సమానం. గోల్స్ లెక్కలో వాళ్ళే ఒక మెట్టు పైన.

ఆఖరి మ్యాచ్ వాళ్ళతోనే, ఫిబ్రవరి 16న. మైదానం మరమ్మతులో ఉంది కాబట్టి అంతవరకు గడువు దొరికింది. గెలిస్తే ఉంటాం. సమానమైనా పోతాం.

అందుకని ఒకటి అడుగుతున్నాను, కాదనకు. ఫ్యాక్టరీలో పనిచేసి మానేసినవాళ్ళని ఇద్దరిదాకా ఆడించుకోవచ్చని లీగ్ నియమం. ఫారం ఇందులో పెట్టాను. సంతకం చేసి పంపు. నీకిప్పుడు ముప్ఫై ఒకటేగా, ముసలిదానివేం కాలేదు.

బనీన్ల గురించి ఎత్తిపొడిచావు. పడ్డాను. ఈసారి కొట్టేది నువ్వే. నా నోటితో నేను అంటున్నాను, కాగితం మీద రాసిస్తున్నాను. బంతి నీకొస్తే ఎవరికీ ఇవ్వకు, కొట్టు.

మీ అక్క

జనవరి 27

అక్కా,

సంతకం చేశాను. ఫారం ఇందులోనే ఉంది.

ఆ ఒక్క వాక్యం ఉంది చూశావా, "ఎవరికీ ఇవ్వకు, కొట్టు" అని, అది చదివి దుప్పట్ల గుట్ట వెనక్కి వెళ్ళి ఏడ్చాను. సిగ్గేం లేదు చెప్పడానికి. ఆరేళ్ళుగా నీ నోట ఆ మాట వినాలని ఉండేదని నాకే తెలియదు.

సెలవు కోసం సూపర్‌వైజరు దగ్గరికి వెళ్తే ఎవరైనా పోయారా అని అడిగాడు. పోలేదండీ, హాకీ మ్యాచ్ అన్నాను. నాలుగేళ్ళలో సెలవడగని మనిషివి, అడగక అడగక ఇందుకా అడిగేది అని తిట్టి నాలుగు రోజులిచ్చాడు.

నీకు చెప్పనిది ఒకటుంది. ఇక్కడ ఆదివారాలు నేను ఆడుతున్నాను. లాండ్రీవాళ్ళు, వంటగది వాళ్ళు, ఇద్దరు నర్సులు, అంతా కలిపి ఒక జట్టు. మాలో ఎర్ర పచ్చ లేవు. ఎవరి ముందుకి బంతి వస్తే వాళ్ళు కొడతారు. యాభై దాటిన వంటావిడ కూడా కొట్టింది, కొట్టి నడుం పట్టుకుంది.

నేనొక్కదాన్నే వస్తే ఒరిగేదేం లేదు. పిడుగుకి ఇద్దరిని పెట్టినట్టు నాకూ ఒకరిని పెడతారు. మిగతా పిల్లల్ని కూడా కొట్టనివ్వు. రోజూ ప్రాక్టీసులో అందరూ కొడుతున్నారని నాకు రాయి.

నీ చెల్లి

ఫిబ్రవరి 3

చెల్లీ,

అందరిచేతా కొట్టిస్తున్నాను. ఎర్ర బనీను తీసేశాను. సరేనా?

ఇప్పుడు నేనడిగేదానికి తిన్నగా జవాబు చెప్పు. శనివారం నువ్వు సబ్బుల ఫ్యాక్టరీ మైదానంలో ఉన్నావట. మన గోల్‌కీపర్ పిల్ల మేనత్త ఊరు అదే, తన కళ్ళతో చూసి వచ్చి చెప్పింది. ఎవరో నెరిసిన జుట్టాయనతో బల్ల మీద కూర్చుని టీ తాగుతున్నావట. వాళ్ళ కోచ్‌కి జుట్టు నెరిసిందని నాకు తెలుసు.

మీ బావ, పోనీలే అది అలాంటిది కాదు అంటున్నాడు. ఆయనకి అందరూ మంచివాళ్ళే, కళ్ళు కనపడవు కాబట్టి. మన ఫారం మీద సంతకం పెట్టి వాళ్ళ మైదానంలో నీకేం పని? పిడుగు ఎటు తిరుగుతుందో, ఎక్కడ బలహీనమో నీకంటే తెలిసినవాళ్ళు లేరు. నేను చేతులారా పెంచినదానివి, నన్ను అమ్మేస్తావని అనుకోను. అయినా నిద్ర పట్టడం లేదు.

అక్క

ఫిబ్రవరి 7

అక్కా,

వాళ్ళు ఎలా కాపలా కాస్తారో చూడ్డానికి వెళ్ళాను. బస్సులో గంట ప్రయాణం. నీ కోసం వెళ్ళాను. ఇద్దరు పిడుగు మీద పడతారు, మూడోది మధ్యలో నిలబడుతుంది, కుడి అంచు మొత్తం వదిలేస్తారు. బొమ్మ గీసి పెట్టాను, చూసుకో.

నాతో టీ తాగింది వాళ్ళ కోచ్ కాదు. ఒకప్పుడు ఎంపిక శిబిరానికి పేర్లు చూసిన పెద్దాయన. రిటైరై అక్కడ మ్యాచ్‌లకి స్కోరు రాస్తున్నాడు. నన్ను చూడగానే గుర్తుపట్టాడు. గుర్తుపట్టి, ఎలా ఉన్నావమ్మా అనలేదు, పెళ్ళయిందా అనలేదు. "మేం పిలిస్తే ఎందుకు రాలేదమ్మా నువ్వు?" అన్నాడు.

మీరు పిలవలేదు కదండీ అన్నాను. ఆయన నా మొహం చూసి గ్లాసు కింద పెట్టేశాడు. పిలుపు నా పేరు మీదే వచ్చిందట. ఒక్క పేరే, నాదే. జవాబు మా కోచ్ దగ్గర్నుంచి వచ్చిందట. మా చెల్లెలు గోల్స్ కొట్టే మనిషి కాదు, పాసులిచ్చేది, మా జట్టులో కొట్టేది మా అమ్మాయి, ఆమెని పంపుతున్నాను అని. సొంత అక్క రాసింది కాబట్టి రెండో మాట అడగలేదన్నాడు.

నేను నిన్ను అమ్మేస్తానేమోనని నీకు నిద్ర పట్టడం లేదా?

ఆయనకి వయసైంది, ఎవరితోనో పొరబడ్డాడని అనుకోవాలని బస్సు దిగేదాకా చూశాను. నువ్వు రాశావా, లేదా? ఇంకేం రాయొద్దు. అది రాయి.

ఫిబ్రవరి 11

చెల్లీ,

రాశాను.

అది చాలన్నావు, నాకు చాలదు. నువ్వు ఆర్నెల్లు వెళ్ళిపోతే జట్టు ఏమవుతుందని రాశానని ఇన్నాళ్ళూ నాకు నేను చెప్పుకున్నాను. అది సాకు. పిడుగు వెళ్ళాలని కోరిక, అంతే. నువ్వు ఎత్తుకుని తిప్పిన పిల్లే కదా, దానికి దక్కితే నీకు దక్కినట్టేనని అనుకున్నాను. నిన్ను అడిగితే నువ్వే ఇచ్చేదానివని కూడా అనుకున్నాను. అడగడానికి మాత్రం నోరు రాలేదు.

రాసింది రాశాను, శిబిరం వాళ్ళు ఎప్పుడైనా మ్యాచ్ చూడ్డానికొస్తే నువ్వు గోల్స్ కొడుతూ కనపడకూడదు కదా. అప్పుడు కుట్టించాను ఆ బనీన్లు. మొదట నిన్ను ఆపడానికే. ఒక్క నీకే పచ్చది ఇస్తే తెలిసిపోతుందని అందరికీ ఇచ్చాను. తర్వాత అదే మా పద్ధతయిపోయింది. నేనే నమ్మేశాను, జట్టుకి కొట్టేది ఒక్కతే ఉండాలని.

నన్ను ఏమైనా అను. ఇంటికొచ్చి అను. మ్యాచ్‌కి మాత్రం రా. ఆ తొమ్మిదిమంది నీకేం ద్రోహం చెయ్యలేదు. పిడుగుకి ఇదేదీ తెలియదు.

అక్క

ఫిబ్రవరి 18

అక్కా,

నీతో మాట్లాడకుండా బస్సెక్కేశాను. మాట్లాడితే అందరిముందూ అరిచేదాన్ని. అందుకే రాస్తున్నాను.

తొమ్మిదిమంది కోసం వచ్చాను, నీకోసం కాదు. శుక్రవారం ప్రాక్టీసుకి వస్తే ఎర్ర బనీను పిడుగు ఒంటిమీదే ఉంది. తీసేశానని రాశావు. పొడుగమ్మాయి నా పక్కకొచ్చి మెల్లగా, పిన్నిగారూ, రేపు మ్యాచ్‌లో మేం కూడా కొట్టొచ్చా అని అడిగింది. ఇరవై రెండేళ్ళ పిల్ల, చేతిలో కర్ర పట్టుకుని, కొట్టొచ్చా అని అనుమతి అడుగుతోంది. కొట్టు అన్నాను. ఆ పిల్ల నా వెనకున్న నీ వైపు చూసింది.

మ్యాచ్ నువ్వూ చూశావు. అయినా నా వైపు నుంచి చెప్తాను. చెరొక గోల్. మనది పిడుగుదే, అప్పటికి పంతొమ్మిది. మూడు నిమిషాలుంది. పిడుగు ఎడమకి పోయింది, ఇద్దరూ దాని వెంట పోయారు. బంతి నాకొచ్చింది. డీలో ఉన్నాను, ముందు ఎవరూ లేరు. వాళ్ళ గోల్‌కీపర్ తప్పు వైపుకి పడిపోయి ఉంది. నా మోకాలి ఎత్తులో తోస్తే చాలు.

గీత దగ్గర్నుంచి నీ గొంతు వినపడింది. "పిడుక్కివ్వవే" అన్నావు.

ఇచ్చాను.

నీ మాట విని ఇచ్చానని అనుకోకు. వినకుండా ఉండగలను, ముప్ఫై ఒక్కేళ్ళొచ్చాయి. నీ మాట నా బుర్రకి చేరకముందే చెయ్యి ఇచ్చేసింది. నాలుగేళ్ళ ఆదివారాలు కొట్టి కొట్టి పోగొట్టుకున్నాననుకున్నాను, పోలేదు. ఇద్దరి మధ్య ఇరుక్కున్న పిల్లకి నా చేత్తో బంతి ఇచ్చి, వాళ్ళు దాన్ని లాక్కుపోతుంటే చూస్తూ నిలబడ్డాను. గంట మోగేదాకా అక్కడే నిలబడ్డాను. చెరొక గోల్‌తోనే ముగిసింది, మనం దిగిపోయాం.

శిబిరం పోయింది, దానికి ఏడ్చి ఊరుకోగలను. నా చేతిలోంచి ఆట తీసేశావక్కా. అది తిరిగి ఎవరిస్తారు?

ఫిబ్రవరి 22

చెల్లీ,

అరిచాను. కాదనను. నీకు రాసిచ్చిన మాట ఆ క్షణంలో గుర్తే లేదు. తిట్టు, పడతాను.

ఇప్పుడు ఈ పిల్లల సంగతి చూడాలి. మేనేజరు నిన్న పిలిచాడు. జట్టు ఎందుకు దిగిపోయిందో మార్చి మొదటి సోమవారంలోగా కాగితం మీద రాసిమ్మన్నాడు. అది చూసి ఇంకో ఏడాది కింది శ్రేణిలోనైనా ఆడించాలా, అసలు ఎత్తేయాలా అన్నది తేలుస్తాడట. ఆయన పద్ధతి నాకు తెలుసు. జట్టులోనే లోపముందంటే మూసేస్తాడు. ఎవరో ఒక మనిషి పొరపాటంటే మన్నిస్తాడు.

నువ్వు ఒక ఉత్తరం రాసివ్వు. జట్టు బాగానే ఆడింది, గెలిచే మ్యాచ్, నాలుగేళ్ళు ఆటకి దూరంగా ఉన్న నేను ఆఖరి నిమిషంలో గోల్ కొట్టక పొరపాటు చేశాను అని. అబద్ధం కాదు కదా. నీకు పోయేదేం లేదు, నువ్వు ఇక్కడ పనిచేయడం లేదు. తొమ్మిదిమంది ఉద్యోగాలు నిలబడతాయి. మీ బావ, అడక్కు దాన్ని అన్నాడు, జన్మలో మొదటిసారి నా మీద కోప్పడ్డాడు. అయినా అడుగుతున్నాను. ఇంకెవరిని అడగను?

అక్క

ఫిబ్రవరి 27

అక్కా,

ఇంకెవరిని అడుగుతావు, నిజమే. ఇచ్చేదాన్ని నేనే కదా.

ఉత్తరం రాశాను. నువ్వు చెప్పింది కాదు. ఆఖరి బంతి నేనే వదిలేశానని అందులో రాశాను, దాచలేదు. దానికి ముందున్న ఆరేళ్ళు కూడా రాశాను. ఇరవై ఒకటిలో పద్దెనిమిది ఒక్కరివే ఎందుకయ్యాయో, డీలో కొట్టిన పిల్ల ఎన్నిసార్లు మైదానం చుట్టూ పరుగెత్తిందో, పచ్చ బనీన్లు ఎందుకు కుట్టించారో, శిబిరానికి ఎవరి పేరొస్తే ఎవరు వెళ్ళారో, అన్నీ. ఈ పిల్లలకి గుండె లేక కాదు, కొట్టనివ్వక ఇలా అయ్యారని రాశాను. జట్టుని ఉంచి కోచ్‌ని మార్చండి, ఒక్క ఏడాదిలో తేడా చూడండి అని రాశాను.

మొన్న ఊరికొచ్చి, నీకు కనపడకుండా, పొడుగమ్మాయికి, మిగతా ఎనిమిదిమందికి చదివి వినిపించాను. సంతకాలు పెట్టారు. నువ్వంటే భయపడుతూనే పెట్టారు.

తర్వాత పిడుగు ఇక్కడికొచ్చింది, నిన్న. మ్యాచయ్యాక చెప్పకుండా ఎందుకు వెళ్ళిపోయావని అడగడానికి రెండు బస్సులు మారి లాండ్రీ గుమ్మం ముందు నిలబడింది. చెప్పకూడదనే అనుకున్నాను. కానీ ఆ కాగితంలో దాని పేరుంది, దానికి తెలియకుండా దాని గురించి రాస్తే నేనూ నీలాంటిదాన్నే అవుతాను. చదవమని ఇచ్చాను. మడతపెట్టే బల్ల మీద కూర్చుని చదివింది. శిబిరంలో ఆర్నెల్లూ రోజూ నాకు ఉత్తరం రాసేది, పిన్నీ నువ్వుంటే ఎంత బావుండేదో అని. అది గుర్తొచ్చినట్టుంది, మళ్ళీ మొదటినుంచి చదివింది. నేను వద్దులేవే, నువ్వు పెట్టక్కర్లేదు, అమ్మ కదా అన్నాను.

"పిన్నీ, పెన్ను ఇవ్వు" అంది.

పదో సంతకం దానిదే.

నీ కొలువు పోకపోవచ్చు, ప్యాకింగ్‌లో నీ సూపర్‌వైజరు పని నీకుంటుంది. మైదానం పోతుంది. అది నీకేమిటో నాకు తెలుసు, నాకూ అదే కాబట్టి. తెలిసే రాశాను.

నువ్వు నా గురించి రాసినప్పుడు నాకు చెప్పలేదు. నేను నీ గురించి రాసినదాని నకలు ముందుగా నీకే పంపుతున్నాను. అసలుది సోమవారం పొద్దున మేనేజరు బల్ల మీద ఉంటుంది.

చెల్లి